కారు షెడ్డులో చెక్కపని: దుమ్మును పుట్టినచోటే పట్టే పద్ధతి

రంపం ఆగాక నేల మీద కుప్పగా కనబడే పొట్టుతో పెద్ద చెరుపు లేదు. బరువుకు కింద పడుతుంది, చీపురుకు దొరుకుతుంది. జాగ్రత్త పడాల్సింది కంటికి ఆనని పొడి విషయంలో. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. చెక్క పొడిలో 10 మైక్రాన్ల కంటే సన్నగా ఉండేది చాలాసేపు గాలిలోనే తేలుతుంది. అందులోనూ మరీ సన్నది గంటల తరబడి దిగదు, ముక్కులోని వడపోతను దాటి ఊపిరితిత్తుల అడుగు దాకా పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క దుమ్మును ఒకటో గ్రూపులో చేర్చింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైనవాటి వరుసలో. ముక్కు లోపల, సైనస్‌లలో వచ్చే క్యాన్సర్లతో దానికి సంబంధం ఉంది. ఏళ్ల తరబడి రోజూ దుమ్ములో మునిగి పనిచేసినవాళ్లను చూసి తేల్చిన సంగతి అది. ఆదివారాలు మాత్రమే రంపం పట్టేవాళ్లకు ముప్పు అంత ఉండదు. కానీ మూసి ఉన్న చిన్న షెడ్డులో రెండు గంటలు సాండర్ (గరుకు కాగితంతో చెక్కను నునుపు చేసే యంత్రం) నడిపితే, ఆ రెండు గంటల్లో పీల్చేది తక్కువేమీ కాదు.

ఇక్కడ లెక్కకు తీసుకున్నది మన ఊళ్లలో మామూలుగా కనిపించే షెడ్డు: 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు, ముందు షట్టర్ లేదా గేటు, వెనక ఇంట్లోకి ఒక తలుపు. అపార్ట్‌మెంట్ పార్కింగులో ఈ పని పెట్టుకోకండి. అక్కడి గాలి అందరిదీ.

ముందు గాలి దారి చూసుకోండి

చలిదేశాల వాళ్లు గ్యారేజీ తలుపులు మూసుకుని, లోపలి గాలినే వడపోసి మళ్లీ వాడుకుంటారు. గదిని వేడిచేయడానికి పెట్టిన ఖర్చు బయటికి పోకూడదని వాళ్ల బాధ. మనకు ఆ బాధ లేదు. ఏడాదిలో ఎక్కువ రోజులు షట్టర్ ఎత్తేసి పని చేసుకోవచ్చు. కాబట్టి వేలు పోసి గాలి వడపోసే యంత్రం కొనేముందు గోడకు 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి పెట్టండి.

ఫ్యాన్ షట్టర్‌కు ఎదురు గోడకు, పైభాగాన ఉండాలి. గాలి షట్టర్ దగ్గర లోపలికి వచ్చి, బల్ల మీదుగా సాగి, ఫ్యాన్ గుండా బయటపడాలి. ఫ్యాన్ పక్కనే కిటికీ తెరిచి ఉంటే గాలి ఆ కిటికీలోంచి వచ్చి ఆ ఫ్యాన్‌లోంచే పోతుంది, మీ బల్ల దగ్గర ఆకు కూడా కదలదు. ఆ కిటికీ మూసేయండి. ఫ్యాన్ పక్కింటి కిటికీ వైపో, వాళ్లు బట్టలు ఆరేసే తీగ వైపో తిరిగి లేకుండా చూసుకోండి.

పై కొలతల షెడ్డులో పట్టే గాలి సుమారు 46 ఘనపు మీటర్లు. గంటకు 1000 ఘనపు మీటర్లు తోసే ఫ్యాన్ అయితే కాగితం మీద మూడు నిమిషాల్లోపే గది గాలి ఒకసారి మారాలి. నిజానికి కొత్త గాలి పాతదాంతో కలిసిపోతూ ఉంటుంది, జాలీకి దుమ్ము పట్టి ఫ్యాన్ బలం తగ్గుతుంది. అందుకే పని ఆపాక కూడా 15-20 నిమిషాలు దాన్ని తిరగనివ్వండి.

మీరు నిలబడే తీరు కూడా ముఖ్యమే. వీపుకు ఫ్యాన్ గాలి తగిలేలా నిలబడితే చల్లగా ఉంటుంది, కానీ ఒంటిని చుట్టుకుని వచ్చే గాలి ఛాతీ ముందు సుడి తిరిగి, బల్ల మీది పొడిని సరిగ్గా ముఖానికి ఎత్తిపోస్తుంది. గాలి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోయేలా నిలబడండి. సీలింగ్ ఫ్యాన్ మాత్రం వేయకండి. దిగబోయే పొడిని అది మళ్లీ మళ్లీ లేపుతుంది. ఉక్కపోతకు ఆగలేకపోతే చిన్న టేబుల్ ఫ్యాన్‌ను పక్కన పెట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వైపు తిప్పుకోండి.

ఇంట్లోకి పోయే తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ వేయించండి. గడప దగ్గర తడిపి పిండిన గోనెపట్టా పరిస్తే కాళ్లకు అంటుకున్న పొడి అక్కడే ఆగుతుంది.

వాక్యూమా, డస్ట్ కలెక్టరా

రెండూ దుమ్ము పీల్చేవే, గుణాలు వేరు. తడి-పొడి రెంటికీ పనికొచ్చే వాక్యూమ్ క్లీనర్ గట్టిగా లాగుతుంది, కానీ లాగే గాలి తక్కువ. సన్న గొట్టంతో పనిచేసే సాండర్, అంచులు చెక్కే ట్రిమ్మర్, వంపులు కోసే జిగ్ సా, బల్లకు బిగించిన రంపమైన టేబుల్ సాల్లో చిన్నవాటికి అది సరిపోతుంది. డస్ట్ కలెక్టర్ మెల్లగా లాగుతుంది, కానీ చాలా గాలి లాగుతుంది. పొట్టు బుట్టలకొద్దీ రాల్చే ప్లేనర్‌కూ (చిత్రిక పట్టే యంత్రం) పెద్ద టేబుల్ సాకూ కావాల్సింది అది.

చాలామంది పొరపాటు పడేది పైపు దగ్గర. వాక్యూమ్‌కు 110 మి.మీ. పీవీసీ పైపు తగిలిస్తే ఎక్కువ లాగుతుందని అనుకుంటారు. జరిగేది తలకిందులు. పొట్టు పైపులో నేలబారున పడకుండా సాగాలంటే గాలి వేగం సెకనుకు 20 మీటర్లు ఉండాలి. సెకనుకు 33 లీటర్ల గాలి లాగే వాక్యూమ్‌కు 35 మి.మీ. గొట్టం పెడితే లోపల వేగం సెకనుకు 34 మీటర్ల దాకా వస్తుంది. అదే గాలి 110 మి.మీ. పైపులో 4 మీటర్లకు పడిపోతుంది. పొట్టు పైపు అడుగున పేరుకుంటుంది, వారంలో పూడిపోతుంది. వాక్యూమ్‌కు 50 మి.మీ. దాటవద్దు. డస్ట్ కలెక్టర్‌కు మాత్రం 110 మి.మీ. పైపే వేయండి, అది సన్నబడితే యంత్రానికి ఊపిరి ఆడదు.

పైపు ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. మలుపు తప్పనిచోట 90 డిగ్రీల బెండు ఒక్కటి కాకుండా 45 డిగ్రీలవి రెండు వాడండి. చీలిక దగ్గర టీ ఆకారపు ముక్క కాకుండా వై ఆకారపుది వేయండి. ముడతల గొట్టం లోపల గాలి రాసుకుపోతుంది కాబట్టి యంత్రం దగ్గర చివరి మూరెడు మాత్రమే అది ఉండాలి. ఎక్కువ ఖర్చుపెట్టి షెడ్డంతా పైపులు పరచడం కన్నా, వాక్యూమ్‌ను చక్రాల పలక మీద పెట్టి యంత్రం దగ్గరికి లాక్కెళ్లడమే చిన్న షెడ్డుకు మంచిదని మా అభిప్రాయం.

డస్ట్ కలెక్టర్‌తో వచ్చే మామూలు గుడ్డ సంచి ఎంత పొడిని ఆపుతుందో కొనేముందు అడగండి. 30 మైక్రాన్లని చెబితే, కింద పొట్టు పట్టుకుంటూ పైనుంచి ఊపిరితిత్తుల్లోకి పోయే సన్న పొడిని షెడ్డంతా చల్లే సంచి అది. 1 మైక్రాన్ కార్ట్రిడ్జ్ ఫిల్టర్ కొనండి. లేదా యంత్రాన్నే బయట గోడవారన, వాన తగలని రేకు కింద పెట్టి, గొట్టం మాత్రం లోపలికి తెచ్చుకోండి. వాక్యూమ్‌కు కూడా ఈ ఉపాయం పనికొస్తుంది, చప్పుడు కూడా బయటే ఉండిపోతుంది.

పెయింట్ బకెట్‌తో సైక్లోన్

వాక్యూమ్ ఒక్కదాన్నే వాడితే పావుగంటలో ఫిల్టర్ మూసుకుపోయి లాగడం మానేస్తుంది. మధ్యలో సైక్లోన్ అనే గరాటు లాంటి డబ్బా పెడితే గాలి సుడి తిరిగి, పొట్టు అంచుకు విసురుకుని బకెట్‌లో పడుతుంది. ఫిల్టర్ దాకా పోయేది పిసరంత. పెట్టిన రూపాయికి ఇంత ఫలితం ఇచ్చే పని ఈ మొత్తంలో ఇంకొకటి లేదు.

కావాల్సినవి: 50 మి.మీ. మూతులున్న ప్లాస్టిక్ సైక్లోన్, 20 లీటర్ల ఖాళీ ఎమల్షన్ పెయింట్ బకెట్లు రెండు, ఒక మూత, 12 మి.మీ. ప్లైవుడ్ ముక్క, వాషర్లతో 6 మి.మీ. బోల్టులు ఆరు, సిలికాన్ సీలెంట్ ట్యూబు, ఫోమ్ టేపు, గొట్టం క్లిప్పులు, పాత సైకిల్ ట్యూబు.

1. బకెట్ మూత లోపల సరిగ్గా ఇమిడేలా ప్లైవుడ్‌ను గుండ్రంగా కోయండి. మూత ఒక్కటే అయితే లాగుడుకు లోపలికి వంగి అంచు దగ్గర గాలి చొరబడుతుంది.

2. ప్లైకి, మూతకు కలిపి నడుమ సైక్లోన్ అడుగు కొలతకు రంధ్రం వేయండి. సైక్లోన్ అంచు రంధ్రాలను చూసి బోల్టులకు గుర్తులు పెట్టండి.

3. మూత పైన సిలికాన్ దారంలా తెగకుండా పూసి, సైక్లోన్ కూర్చోబెట్టి బోల్టులు బిగించండి. 24 గంటలు కదపకండి.

4. రెండు బకెట్లను ఒకదాంట్లో ఒకటి దూర్చండి. గొట్టం ఎక్కడైనా మూసుకుపోయిన క్షణంలో ఒంటి బకెట్ నొక్కిన డబ్బాలా నలిగిపోతుంది. రెండైతే తట్టుకుంటాయి. బకెట్ అంచు చుట్టూ ఫోమ్ టేపు అంటించి మూత వేయండి.

5. సైక్లోన్ నడినెత్తి మూతి వాక్యూమ్‌కు, పక్క మూతి యంత్రానికి. ఇవి తారుమారైతే గాలి సుడి తిరగదు, పొట్టంతా తిన్నగా ఫిల్టర్‌కు పోతుంది.

6. అంతా బిగించాక, పొట్టు ఒక్క రేణువూ లేనప్పుడే, వాక్యూమ్ వేసి అతుకుల చుట్టూ దగ్గరగా అగరుబత్తి తిప్పండి. పొగ ఎక్కడ వంగి లోపలికి దూరుతుందో అక్కడ సందు ఉంది. బకెట్ వైపు సూదిమొనంత సందున్నా అక్కడ లోపలికి వచ్చే గాలి కింద పడిన పొడిని లేపి ఫిల్టర్‌కు మోసుకుపోతుంది. సైక్లోన్ పనిచేయడం లేదనేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే.

బకెట్ మూడింట రెండు వంతులు నిండగానే ఖాళీ చేయండి. పైదాకా నిండితే సుడి ఆ పొట్టునే మళ్లీ పైకి లాగుతుంది. 150 మి.మీ. వెడల్పు, 2 మీటర్ల పొడవున్న పలకను 1 మి.మీ. చిత్రిక పడితే తీసిన చెక్క 0.3 లీటర్లే. కానీ పొట్టు ఎనిమిది పది రెట్లు ఉబ్బుతుంది, అంటే ఒక్కసారికి దగ్గర దగ్గర 3 లీటర్లు. నాలుగైదు సార్లు పలక దాటిందంటే బకెట్ వైపు చూడాల్సిందే.

యంత్రం మూతి, గొట్టం కొలత కలవనిచోట సైకిల్ ట్యూబును నాలుగంగుళాల ముక్క కోసి తొడిగి క్లిప్పు వేయండి. దుకాణంలో అమ్మే అడాప్టర్ల కంటే బాగా పట్టుకుంటుంది.

ఏ పనిముట్టుకు ఏం చేయాలి

సాండర్ దగ్గర ఎక్కువ శ్రద్ధ పెట్టండి. షెడ్డులో అత్యంత సన్నని పొడి పుట్టేది అక్కడే. 125 మి.మీ. రాండమ్ ఆర్బిట్ సాండర్‌కు వేసే కాగితం రంధ్రాలు అడుగు దిమ్మె రంధ్రాల మీద సరిగ్గా కూర్చోవాలి. కాస్త పక్కకు అంటిస్తే లాగే దారి మూసుకుపోతుంది, పొడి కాగితం కింద చిక్కి చెక్క మీద సుళ్లలా గీతలు పడతాయి, కాగితం కూడా త్వరగా అరిగిపోతుంది. జాలీలా ఉండే సాండింగ్ నెట్ వాడితే రంధ్రాల బెడద లేదు. వాక్యూమ్ పూర్తి జోరు మీద ఉంటే సాండర్ చెక్కకు అతుక్కుని ఎగురుతుంది. గొట్టం మీద గాలి వదిలే కిటికీ కొంచెం తెరవండి. సాండర్‌తో వచ్చే చిన్న గుడ్డ సంచిని నమ్ముకోవద్దు.

నమ్మకం కుదరకపోతే ఒక రాత్రి పరీక్ష చేయండి. సంచి మాత్రమే తగిలించి ఐదు నిమిషాలు సాండింగ్ చేసి, షెడ్డు లైట్లన్నీ ఆర్పి, ఒక మూల నుంచి టార్చి వేయండి. పగలు శుభ్రంగా కనిపించిన గాలిలో, వెలుతురు పడిన దారి పొడవునా పొడి పొగలా మెల్లగా సుళ్లు తిరుగుతూ కనిపిస్తుంది. మీరు చెయ్యి ఆడిస్తే ఆ పొగ చీలి మళ్లీ కలుసుకుంటుంది. అదే పనిని మర్నాడు రాత్రి వాక్యూమ్ తగిలించి చేసి చూడండి. తేడా కళ్లకు కడుతుంది.

సాండింగ్‌నే తగ్గించుకోవడం ఇంకా మంచిది. పదునైన చేతి చిత్రికతో తీసిన పలక మీద 80, 120 నంబర్ల కాగితాల అవసరమే ఉండదు, తిన్నగా 180తో మొదలుపెట్టవచ్చు. చిత్రిక రాల్చేది చుట్టలు చుట్టలుగా పొట్టే గానీ పొడి కాదు.

టేబుల్ సా పొడిని రెండు చోట్ల వదులుతుంది. బ్లేడు కింద ఉన్న పెట్టెకు సందులుంటే 3 మి.మీ. ప్లైతోనో ఫోమ్ టేపుతోనో మూసేయండి. అయితే గాలి లోపలికి రావడానికి కాస్త దారి మిగల్చాలి, మొత్తం బిగిస్తే వాక్యూమ్ లాగడానికి గాలే ఉండదు. బ్లేడు పైన పళ్లు ముఖం వైపు విసిరేదాన్ని పట్టడానికి బ్లేడు గార్డుకు వేరే గొట్టం కావాలి. దుమ్ము కోసమని గార్డు తీసేసి పని చేయకండి, వేళ్లు ముందు.

మైటర్ సా (పైనుంచి కిందికి దించి చెక్కను అడ్డంగా కోసే రంపం) వదిలే పొడిని ఏ గొట్టమూ పూర్తిగా పట్టలేదు. దాని వెనక రెండడుగుల వెడల్పున మూడు పక్కలా మూసిన పెట్టె కట్టి, అడుగున గొట్టం పెట్టండి. సగం పైగా అందులో పడుతుంది. మార్బుల్ కట్టర్‌కు చెక్క బ్లేడు వేసి వాడే అలవాటు మనవాళ్లలో ఉంది. దాని గార్డు, వేగం రాయి కోసం చేసినవి. చెక్కకు అది ప్రమాదం, దుమ్ము పట్టే ఏర్పాటూ లేదు. చెక్క కోసం చేసిన సర్క్యులర్ సా కొనుక్కోండి.

రౌటర్ టేబుల్‌కు (అంచులు, గాళ్లు చెక్కే యంత్రాన్ని కింద బిగించిన బల్ల) కింద పెట్టె, వెనక ఫెన్స్‌కు (చెక్కను ఆనించి తోసే దిమ్మె) గొట్టం, రెండూ ఉండాలి.

చెక్కల్లోనూ తేడా ఉంది. టేకు, రోజ్‌వుడ్ పొడి కొందరి చర్మానికి పడదు, దద్దుర్లు, దురద వస్తాయి. ఒకసారి మొదలైతే తర్వాత కొంచెం పొడికే తిరగబెడుతుంది. వేప పొడికి తుమ్ములు ఆగవు. అన్నిటికన్నా ఇబ్బంది ఎండీఎఫ్, అంటే చెక్క నారను జిగురుతో అదిమి చేసే పలక. పిండిలాంటి పొడి, దాంతోపాటు ఫార్మాల్డిహైడ్ జిగురు. ఎండీఎఫ్ కోత వీలైనంత వరకు షెడ్డు బయట, గాలివాలు చూసుకుని పెట్టుకోండి.

కరెంటు

1500 వాట్ల రంపం, 1400 వాట్ల వాక్యూమ్ కలిపి 2900 వాట్లు. 230 వోల్టుల దగ్గర అది సుమారు 12.6 ఆంపియర్లు. మోటారు మొదలైన క్షణంలో లాగేది ఇంకా ఎక్కువ. రెంటినీ 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలిస్తే ప్లగ్గు కాలుతుంది. వేర్వేరు 16 ఆంపియర్ల పాయింట్లు, వీలైతే వేర్వేరు సర్క్యూట్లు వేయించండి. ముందు రంపం ఆన్ చేసి, రెండు సెకన్లు ఆగి వాక్యూమ్ వేసి, ఆ తర్వాతే చెక్కను ముందుకు తోయండి. రంపం ఆపాక వాక్యూమ్‌ను పది సెకన్లు నడవనివ్వండి, గొట్టంలో మిగిలింది బకెట్‌కు చేరుతుంది.

పొడి వాతావరణంలో ప్లాస్టిక్ గొట్టం పట్టుకుంటే చిన్న షాక్ తగలడం మామూలే. ఎర్త్‌కు కలిపిన సన్నని రాగి తీగను గొట్టం వెంట చుడితే తగ్గుతుంది.

మాస్కు

గొట్టం, ఫ్యాన్ రెండూ ఉన్నా సాండింగ్‌కు మాస్కు తప్పదు. తువ్వాలు, కర్చీఫ్, మెడికల్ మాస్కు సన్న పొడిని ఆపవు. ఎన్95 గానీ, భారతీయ ప్రమాణం ఐఎస్ 9473 గుర్తు ఉన్న ఎఫ్ఎఫ్‌పీ2 గానీ తీసుకోండి. ముక్కు మీది పట్టీని రెండు చేతుల వేళ్లతో నొక్కి, గట్టిగా ఊదండి. కళ్లద్దాలు మసకబారితే పైనుంచి గాలి పోతోందన్నమాట. గడ్డం ఉంటే ఏ మాస్కూ సరిగా అతుక్కోదు. తరచూ పనిచేసేవాళ్లకు ఫిల్టర్లు మార్చుకునే రబ్బరు సగం-ముఖం మాస్కు దీర్ఘకాలంలో చవక.

రంపం ఆగగానే మాస్కు తీసేయడం అందరూ చేసే తప్పు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరిగే ఆ 15-20 నిమిషాలూ, ఊడ్చేటప్పుడూ, బకెట్ ఖాళీ చేసేటప్పుడూ అది ముఖం మీదే ఉండాలి. పని అయ్యాక దాన్ని షెడ్డులో మేకుకు తగిలించకండి, లోపలి వైపే దుమ్ము పడుతుంది. మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

ఊడ్చడం, పారబోయడం

పొడి చీపురుతో ఊడిస్తే దిగిన దుమ్మంతా మళ్లీ లేస్తుంది. వాక్యూమ్‌తో లాగండి. చీపురే వాడాలంటే గుప్పెడు పొట్టును తడిపి నేల మీద చల్లి, దాంతో కలిపి ఊడవండి. కంప్రెసర్ గాలితో యంత్రాలూ బట్టలూ ఊదుకోవద్దు. పైన దూలాలు, ట్యూబ్‌లైటు నెత్తి, అలమర పైభాగం నెలకోసారి తడిబట్టతో తుడవండి. ఇనుప బల్లల మీద దుమ్ము వదిలేస్తే కోస్తా ఊళ్ల తేమకు అది చెమ్మ పీల్చి రాత్రికి రాత్రే తుప్పు మరకలు వేస్తుంది.

వాక్యూమ్ ఫిల్టర్‌ను నెలకోసారి బయటికి తీసుకెళ్లి, మాస్కు వేసుకుని, నేలకు మెల్లగా తట్టి మెత్తని బ్రష్‌తో దులపండి. కాగితం ఫిల్టర్‌ను కడగకూడదు. కడగదగినదైతే పూర్తిగా ఆరాకే బిగించండి. తడి ఫిల్టర్‌కు పొడి తగిలితే పిండిముద్దలా గట్టిపడుతుంది.

అగ్ని విషయం. ఇంటి షెడ్డులో భయపడాల్సింది నిప్పురవ్వకు. చెక్క పొట్టున్న వాక్యూమ్‌ను ఇనుము రాపాడే గ్రైండర్‌కు ఎప్పుడూ తగిలించకండి. పాత తలుపు చెక్క కోసేటప్పుడు మేకు తగిలి రవ్వ లేచిందంటే పని ఆపి, బకెట్‌ను బయట పెట్టి విప్పి చూడండి. పొట్టులో పడిన రవ్వ మంట లేకుండా గంటలు రగిలి, మీరు నిద్రపోయాక అంటుకుంటుంది. ఏ రోజు పొట్టు ఆ రోజే షెడ్డు దాటించాలి. అవిసె నూనె పూసిన గుడ్డలను ముద్దగా చుట్టి పొట్టు బుట్టలో పడేస్తే వాటంతట అవే వేడెక్కి మండుతాయి. విడదీసి బయట తీగ మీద ఒక్కొక్కటిగా ఆరేయండి.

ఒట్టి చెక్క పొట్టు పెంటకుప్పలో, పేడతో కలిపి, మెల్లగా ఎరువవుతుంది. పొట్టు పొయ్యి ఉన్న ఇంటికి ఇవ్వవచ్చు. ప్లైవుడ్, ఎండీఎఫ్ పొడి మాత్రం పొయ్యికీ పనికిరాదు, పాదులకూ పనికిరాదు. దాన్ని సంచిలో మూతి కట్టి పొడి చెత్తలో వేయండి. అందుకే రెంటికీ రెండు బకెట్లు పెట్టుకుని మూతల మీద పేర్లు రాసుకోండి.